పెరూ కొండ మీది రోలు

సౌదీలో హఫర్ అల్ బాతిన్ నుంచి రియాద్ వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్నావిడది కడప వైపు. వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న కఫీల్ ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని. నేను నర్సునని చెప్పగానే "పాపా" అని పిలవడం మొదలుపెట్టింది. ఆ ఇంటి మేడమ్ వాళ్ళతో పెరూ వెళ్ళి, రోజుల తరబడి అడవిలో నడిచి, ఇన్కా రాజుల పాత ఊరు చూసొచ్చిందట.

"ఎలా ఉందక్కా?" అన్నాను ఆశగా.

"ఏముండాది పాపా, పైకప్పుల్లేని రాతి గోడలు. ఒక ఇంట్లో మాత్రం రోలు ఉన్నింది. మేడమ్ ఫొటో కోసమని దాని మీద కూకునింది. 'లెయ్ మేడమ్, రోటి మీద కూకోకూడదు' అని తెలుగులోనే అరిచేసినా."

"అమ్మో! పనిలోంచి తీసేస్తేనో?"

"నాకూ అదే భయం. నా మొగం చూసి ఆమె గమ్మున లేసింది. ఏ తల్లి నూరుకున్న రోలో పాపా! అంత దూరం నడిచిపోయి దాని మీద కూకుంటామా?" అంటూ, ఆ రోలును తుడుస్తున్నట్టు ఒళ్ళో అరచేయి గుండ్రంగా తిప్పింది.

రియాద్‌లో దిగి వెళ్ళిపోయింది. పేరైనా అడగలేదు. ఇప్పుడు ఆ శిథిలాల ఫొటో ఎక్కడ కనిపించినా నేను కొండల్ని చూడను. రోలెక్కడుందోనని వెతుకుతాను. దాని మీద ఎవరూ కూర్చుని లేకపోతే నాకు చాలు.