ప్రెసిడెంటు గారి కోటు

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో మా తెలుగు సంఘానికి ఒక ప్రెసిడెంటు గారుండేవారు. వైట్ హౌస్‌లో ఉండే ఆయనకి ఎన్ని తలనొప్పులో ఈయనకీ అన్ని ఉండేవి. హాలు దొరకదు, మైకు పనిచేయదు, సాంబారు చాలదు, తమ పిల్ల డాన్స్ చివర్లో పెట్టారని ఎవరో ఒకరు అలుగుతారు. ఆయన సిబ్బందిలో సెక్రటరీని నేను. వైస్ ప్రెసిడెంటు అని ఇంకొకాయన ఉండేవాడు, పని తక్కువ, సలహాలు ఎక్కువ. మా వారికి పదవేమీ లేదు, కుర్చీలు మోసేవారు.

ప్రెసిడెంటు గారు టెలిఫోన్ కంపెనీలో ఇంజనీరు. ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో ఒక ఇనప రాడ్డుకి చలికోట్లు వేలాడుతుండేవి. అన్నీ పాతవాళ్ళు వదిలేసినవే. ఇండియా నుంచి కొత్తగా ఎవరు దిగినా ముందు అక్కడికే తీసుకెళ్ళేవారు. ఒంటికి సరిపోయింది తొడుక్కోవడం, చలి తగ్గాక తెచ్చి మళ్ళీ అదే రాడ్డుకి తగిలించడం, అదీ పద్ధతి. నేనూ మొదటి చలికాలం అలాంటి కోటుతోనే గడిపాను. ఎవరిదో, మోచేతుల దగ్గర అరిగిపోయి ఉండేది.

ఆ ఏడాది ఆయన పట్టుబట్టి ఒక పని సాధించారు. మా టౌన్ స్కూల్లో ఒక గది అడిగి, ఆదివారాలు పిల్లలకి తెలుగు క్లాసు మొదలుపెట్టారు. "ఇంకొక్క ఏడాది నేనుంటే ఇది నిలబడిపోతుందమ్మా. తర్వాత ఎవరొచ్చినా నడుస్తుంది" అనేవారు. అప్పటిదాకా మా సంఘంలో ఓట్లు వేసుకున్న పాపాన పోలేదు. డిసెంబరు మీటింగులో భోజనాలయ్యాక ఒకరు పేరు చెబితే మిగతావాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ చప్పట్లు ఇంకోసారి ఆయనకే పడతాయని అందరం అనుకున్నాం.

ఆ వేసవిలోనే మా మామయ్యగారు, మా వారి నాన్నగారు, గుంటూరు నుంచి వచ్చారు. బడిపంతులుగా పనిచేసి రిటైరయిన మనిషి. పొద్దున్నే స్నానం చేసి, మా క్లోజెట్‌లో పెట్టుకున్న దేవుడి ముందు గంటసేపు కూర్చుంటే తప్ప కాఫీ ముట్టేవారు కాదు. చవితికి వినాయకుణ్ణి తనే చేస్తానన్నారు. ఆర్ట్ షాపులో మట్టి కొనుక్కొచ్చాం. పత్రికి మారేడు, ఉమ్మెత్త ఎక్కడ దొరుకుతాయి? మేపుల్ ఆకులూ ఆపిల్ ఆకులూ కోసుకొచ్చి, పక్కింటి ముసలావిడని అడిగి గులాబీ కొమ్మలు తెచ్చాను. "ఏ ఆకైతేనేం అమ్మాయ్, మంత్రం అదే కదా" అన్నారు ఆయన. ఇంత మంచిగా ఏ చవితీ జరగలేదని ఆ రోజు నాకనిపించింది.

నిమజ్జనం దగ్గరే వచ్చింది చిక్కు. బకెట్‌లో కలిపేద్దామని మా వారంటే మామయ్యగారు మొహం ముడుచుకున్నారు. అది చూసి ప్రెసిడెంటు గారు, "ఆఫీస్‌కి వెళ్ళే దారిలో పెద్ద లేక్ ఒకటుంది మాస్టారూ, ఆదివారం తీసుకెళ్తాను" అన్నారు. నాలుగైదు కార్లలో బయల్దేరాం. అక్కడ కంచె, కంచెకి బోర్డు. ఈత కొట్టరాదు, చేపలు పట్టరాదు, పడవలు వేయరాదు అని ఉంది. "దేవుణ్ణి కలపరాదని లేదుగా" అన్నాడు వైస్ ప్రెసిడెంటు. అందరం నవ్వుకుంటూ కంచె సందులోంచి దూరాం. అవి పక్క సిటీ వాళ్ళు తాగే నీళ్ళని మాలో ఒక్కరికీ తెలీదు.

మామయ్యగారు పంచె ఎగగట్టి నడుం లోతు దాకా దిగారు. ప్రెసిడెంటు గారు ప్యాంటు మడిచి ఆయన పక్కన నిలబడ్డారు. మేమంతా ప్రసాదాలు తీయడానికి గట్టెక్కి కార్ల దగ్గరికి వెళ్ళాం. వినాయకుడు మునిగాడో లేదో, పోలీసు కారు వచ్చి ఆగింది. పోలీసు గబగబా నీళ్ళ అంచుకి దిగాడు. పైనుంచి మాకు కనబడటమే గాని మాటలు వినబడలేదు. మామయ్యగారు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. తర్వాత ప్రెసిడెంటు గారు ముందుకొచ్చి నవ్వుతూ ఏదో చెప్పారు. పోలీసు ఆయన పేరు రాసుకుని, మందలించి పంపించేశాడు. తడిసి వణికిపోతున్న మామయ్యగారికి ప్రెసిడెంటు గారు తన కారు ట్రంక్‌లోంచి ఒక కోటు తీసి తొడిగారు. బేస్‌మెంట్‌కి చేరాల్సిన కోటు అది, బూడిద రంగుది.

ఆ వారం టౌన్ పేపర్‌లో మా గురించి చిన్న వార్త పడింది. తాగే నీళ్ళలో ఏదో పారేశారన్న ఆరోపణ, దాని కింద, అది ఉత్త మట్టి బొమ్మేనని పోలీసుకు చెప్పిన సంఘం ప్రెసిడెంటు గారి పేరు. స్కూలు వాళ్ళు ఇకమీదట గది ఇవ్వం పొమ్మన్నారు. పిల్లల క్లాసు ఆగిపోయింది. అదంతా ఒక ఎత్తు, మనవాళ్ళ కోపం ఇంకో ఎత్తు. దేవుణ్ణి పట్టుకుని బొమ్మంటాడా అని ఇంటింటా ఫోన్లు మోగాయి. వైస్ ప్రెసిడెంటు ఆ పేపరు ముక్క జేబులో పెట్టుకుని తిరిగాడు. నేను అడిగితే ప్రెసిడెంటు గారు, "అన్న మాట నిజమే కదమ్మా, కాదని ఎలా చెప్పను?" అని ఊరుకున్నారు.

అందరికంటే ఎక్కువ మండిపడింది మా మామయ్యగారే. జైల్లో వేసినా బాగుండేది, ఆ మాట వినాల్సి వచ్చిందే అని రోజూ అనేవారు. ఆ చలికే కాబోలు, మోకాళ్ళు పట్టేశాయని పూజలో కూర్చోవడం కూడా మానేశారు. "నువ్వే దీపం పెట్టమ్మాయ్" అంటే నేనే పెట్టేదాన్ని.

డిసెంబరు మీటింగు ఫైర్ స్టేషన్ వాళ్ళ హాల్లో జరిగింది. మొదటిసారి మాకు పోటీ వచ్చింది. వైస్ ప్రెసిడెంటు పోటీకి నిలబడి, మాట్లాడమని మామయ్యగారిని లేపాడు. విజిట్‌కి వచ్చిన మనిషి, ఓటు కూడా లేదు. అయినా లేచారు. "దేవుణ్ణి బొమ్మన్నవాడు మనకి పెద్దగా ఉండకూడదు" అన్నారు. ఒంటి మీద ఆ బూడిద రంగు కోటే ఉంది. నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. ప్రెసిడెంటు గారు మాత్రం, "మాస్టారి కోపం న్యాయమే" అని కూర్చున్నారు. చేతులెత్తమన్నారు. నేనూ మా వారూ ఆయనకే ఎత్తాం. చుట్టూ చూస్తే మాలాంటి వాళ్ళు కొద్దిమందే. కొత్త ప్రెసిడెంటు మొదటి ఉపన్యాసంలో సంస్కృతి గురించి చాలా చెప్పాడు. స్కూలుకి వెళ్ళి గది మాత్రం అడగలేదు.

ఏప్రిల్‌లో మామయ్యగారి తిరుగు ప్రయాణం కుదిరింది. "కోటు ఇచ్చేసి రావాలి, నువ్వు డ్రైవ్ చెయ్యి" అన్నారు నాతో. మా వారితో పంపిస్తానంటే వినలేదు. ప్రెసిడెంటు గారు ఏమీ జరగనట్టే తలుపు తీసి, కాఫీ ఇప్పించి, మమ్మల్ని బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళారు. మామయ్యగారు కోటు విప్పి తనే రాడ్డుకి తగిలించారు. దాని చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"బాబూ, మా కోడలి ముందే అడుగుతున్నాను. ఆ రోజు పోలీసు మొదట అడిగింది నన్ను. 'డాల్ సార్, ఓన్లీ డాల్' అని, అది బొమ్మేనన్నది నేను. మీరు నా మాటే మళ్ళీ చెప్పారు. మీటింగులో ఆ సంగతి ఎందుకు చెప్పలేదు?"

ప్రెసిడెంటు గారు ఒకసారి నా వైపు చూశారు.

"పోలీసుని చూస్తే ఎవరికైనా భయమే మాస్టారూ. అది మీ మాటని నలుగురికీ తెలిస్తే మీరు మళ్ళీ పూజలో ఎలా కూర్చుంటారు? నాదేముంది, పోస్టేగా పోయింది."

"కూర్చోలేదు బాబూ" అన్నారు మామయ్యగారు. "ఆ రోజు నుంచి ఒక్కసారీ కూర్చోలేదు. కూర్చోబోతే ఆ మాటే వినబడేది. ఇంట్లో మోకాళ్ళ నొప్పులని చెప్పాను."

ప్రెసిడెంటు గారు కోటు రాడ్డు మీంచి తీసి మామయ్యగారి చేతిలో పెట్టి, "ఎయిర్‌పోర్ట్‌లో చలిగా ఉంటుంది, ఉంచుకోండి" అన్నారు. మెట్లెక్కుతుంటే నాతో, "ఇది ఇక్కడితో వదిలెయ్ అమ్మా" అన్నారు. వదిలేశాను. ఆయన మళ్ళీ ఎప్పుడూ పోటీ చేయలేదు. తెలుగు క్లాసూ తిరిగి మొదలు కాలేదు. మా పిల్లలు వాళ్ళ తాతగారి ఉత్తరాలు మా చేత చదివించుకుని వినేవారు.

ఇప్పటికీ చవితి వస్తే మొదట గుర్తొచ్చేది వినాయకుడు కాదు, వాళ్ళిద్దరూ. ఒకాయన తన పరువు పోగొట్టుకుని ఇంకొకరి పూజ నిలబెట్టాననుకున్నాడు. ఆ పూజ అప్పటికే ఆగిపోయింది. ఇద్దరిలో ఎవరికీ ఏమీ మిగల్లేదు. ఆ చలికాలమంతా మా వారు ఆఫీస్ నుంచి రాగానే మామయ్యగారి మోకాళ్ళకి నొప్పుల తైలం రాసేవారు. ఆయన కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని, వద్దనకుండా రాయించుకునేవారు.