అమ్మ టిక్కీలు

మా నాన్న ఇంటి జమాఖర్చులు ఎప్పుడూ కాగితం మీద రాయలేదు. మిరప టిక్కీల మీద రాసేవాడు. కల్లంలో కాయ ఎండాక గోతాల్లో తొక్కించి, ఆ టిక్కీలన్నీ వసారాలో పేర్పించి, నీలిమందు కలిపిన డబ్బా, ఒక వేపపుల్ల పట్టుకుని కూర్చునేవాడు. అడ్డగీత గీస్తే అది ఎరువుల కొట్టుకి. రెండు గీతలు కిరాణా బాకీకి. సున్నా నా కాలేజీకి. ఏ అవసరం వస్తే ఆ గుర్తున్న టిక్కీలే గుంటూరు వెళ్లేవి. ధర పడిపోయి డబ్బు చాలకపోతే ఆ ఖర్చే తగ్గించుకునేవాళ్లం గాని పక్క గుర్తు జోలికి పోయేవాళ్లం కాదు.

ఆ ఏడు రెండు టిక్కీల మీద చుక్కలు పెట్టాడు. అవి అమ్మ గ్యాసు పొయ్యికి. నరసరావుపేటలో గ్యాసు డీలరు దగ్గర పేరు రాయించి అప్పటికి మూడేళ్లు. ఎండాకాలంలో వంతు రావచ్చని చెప్పారు. పత్తికట్టె పొగకి అమ్మకి ఏళ్ల తరబడి దగ్గు. పొద్దున పొయ్యి రాజేసిందంటే మధ్యాహ్నం దాకా సరిగ్గా మాట్లాడలేకపోయేది. ఎవరూ చూడనప్పుడు వసారాలోకి వచ్చి ఆ రెండు టిక్కీల మీద చెయ్యి వేసి వెళ్లేది.

నేను అప్పుడే బీకాం పాసై మాచవరం దగ్గరి మా ఊరికి వచ్చాను. సెకండ్ క్లాసే, కానీ తలకెక్కడానికి అది చాలు. డబ్బుని గోతాల్లో దాచుకునే ఇల్లు ఇంకెక్కడైనా ఉందా అని నాన్నని దెప్పిపొడిచాను. పొడుగాటి అట్టపుస్తకం కొన్నాను. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు, ఒక్కో పద్దుకి ఒక్కో పేజీ. నాన్న అడ్డు చెప్పలేదు సరికదా, మా అమ్మాయి ఇంట్లోనే ఆఫీసు పెట్టిందని టీకొట్టు దగ్గర గొప్పలు పోయాడు.

మొదటి రోజే వసారాలో ఉన్న ముప్పై టిక్కీలకి ఆనాటి గుంటూరు ధర కట్టి జమ రాసుకున్నాను. ఇంట్లో ఉన్న సరుకు ఆస్తే గదా. ఆ తర్వాత నాన్న సరుకు అమ్మినప్పుడల్లా కమిషన్ కొట్టువాళ్లు రాసిచ్చే చీటీ తెచ్చేవాడు. దాన్ని తక్‌పట్టీ అంటారు. అందులోని మొత్తం కూడా శ్రద్ధగా జమ రాశాను.

రెండు నెలలు గడిచేసరికి నాకేమీ అర్థం కాకుండా పోయింది. ఖర్చులు ఖర్చులుగానే ఉన్నాయి, పుస్తకంలో నిల్వ మాత్రం తరగడం లేదు. నాన్న జేబు చూస్తే ఖాళీ. ఆయన ఎక్కడైనా పేకాడుతున్నాడేమోనని కూడా అనుమానించాను, చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. కూడికలు నాలుగుసార్లు చేశాను. తప్పు లేదు. తప్పు లేకపోవడమే నన్ను ఇంకా తికమక పెట్టింది. రైతులు కమిషన్ కొట్టులో డబ్బు ఉంచి అవసరానికి తెచ్చుకోవడం మామూలే కాబట్టి, మిగతాది అక్కడే ఉండి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. అడిగితే నాన్న బుర్ర గోక్కున్నాడు. పుస్తకం చెప్తుంటే ఉండే ఉంటుందిలే అన్నాడు.

అంతలో ఎరువుల కొట్టాయన, అడ్డగీత టిక్కీల డబ్బు పోను మిగిలిన బాకీకి వడ్డీ పెరుగుతోందని కబురంపాడు. ఇంట్లో చుక్కల టిక్కీలు రెండే మిగిలి ఉన్నాయి. నాన్న వాటివైపు చూసి, అవి మీ అమ్మవి గదా అన్నాడు.

"డబ్బంతా ఒకటే నాన్నా. ఇవి అమ్మేసి బాకీ తీర్చెయ్. అమ్మ పొయ్యికి గుంటూరులో ఉన్నదాంట్లోంచి ఇద్దాం," అన్నాను.

వంటింటి గడపలో నిలబడి అమ్మ అంతా విన్నది. మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లింది. చదువుకున్న కూతురు చెప్తోంది గదా అనుకుని ఉంటుంది. మర్నాడు టిక్కీలు వెళ్లిపోయాయి.

మూడు వారాలకి డీలరు దగ్గర్నుంచి కార్డు వచ్చింది. పది రోజుల్లోగా డిపాజిట్ కట్టాలి, లేకపోతే వంతు తర్వాతివాళ్లకి పోతుంది. నాన్న గుంటూరు బస్సెక్కాడు. చీకటిపడే వేళకి ఉత్త చేతులతో దిగాడు. కమిషన్ కొట్టులో మన డబ్బు రూపాయి కూడా లేదట, వాళ్ల ఖాతా తీసి చూపించారట. నా పుస్తకంలో పదకొండు వేలు. ఇనప్పెట్టెలో అరవై రూపాయలు. ఆ రెండింటి మధ్యా నేను మూడు రోజులు పిచ్చిదాన్నై తిరిగాను.

చదువు రాని మా అమ్మ నన్ను కూర్చోబెట్టి, జమలన్నీ మొదటినుంచీ చదవమంది. చదివాను. రెండో తక్‌పట్టీ దగ్గర చెయ్యి ఎత్తి ఆపింది.

"ఏమే, వసారాలో ఉన్నప్పుడు ఒకసారి రాశావు. అమ్మినాక మళ్లీ రాశావు. మన కాయలు రెండు కాపులు కాసినయ్యా?"

నా కళ్ల ముందు పుస్తకం మొత్తం కూలిపోయింది. ఆ పదకొండు వేలూ ఎన్నడూ లేవు. నాన్న అప్పు తెస్తానని కండువా భుజాన వేసుకుంటే అమ్మే వద్దంది. పొయ్యి కోసం వడ్డీ కట్టేంత చోద్యం వద్దని తేల్చేసింది. పదో రోజు దాటిపోయింది. వంతు ఎవరికి పోయిందో కూడా మేము కనుక్కోలేదు.

ఆ సాయంత్రం అమ్మ పొయ్యి ఊదుతుంటే నేను పక్కన కూర్చుని తప్పుడు జమ కొట్టేసి, నిల్వ సరిచేస్తున్నాను. సరిగ్గా అరవై రూపాయలు తేలింది. అమ్మ దగ్గు ఆగినాక అడిగింది.

"దీంట్లో నా పేజీ ఏదే? ఓసారి చూపియ్యి."

తిరగేశాను. ఎరువులు, కిరాణా, కూలీలు, తమ్ముడి బడి, నా ఉద్యోగ పరీక్షల ఫీజు. గేదె దాణాకి కూడా ఒక పేజీ, పైన ఎర్ర సిరాతో అండర్‌లైన్. పద్దులు పెట్టిన రోజున అప్పటికే అవుతున్న ఖర్చులనే రాశాను. అమ్మకి ఆ ఇంట్లో అప్పటిదాకా ఏ ఖర్చూ అవలేదు.

పుస్తకం చివరి అట్ట దాకా వెళ్లాను. నీకు పేజీ లేదమ్మా అన్నాను.