రెండుసార్లు తడితే వదలాలి

మా మేనత్త పోయింది. ఆ సంగతి నాకు ఆవిడ కొడుకు వాట్సాప్ స్టేటస్ చూశాక తెలిసింది. పట్టుచీర కట్టుకున్న పాత ఫొటో, చుట్టూ పూలదండ బొమ్మ, కింద 'పసుపు కుంకుమలతో తరలిన పుణ్యవతి' అని రంగుల అక్షరాలు. నాకు ఒక్క ఫోన్ చేయడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. ఆ అక్షరాలకు రంగులు ఎంచడానికి మాత్రం దొరికింది.

పుణ్యవతి అనే మాటతో నాకు తగాదా లేదు. ఆ స్టేటస్‌లో రాయని సంగతి ఒకటుంది, అది చెప్పాలనే ఇది రాస్తున్నాను. ప్రొద్దుటూరు నగల అంగడి సెట్టిగారి భార్య అయిన మా అత్త, యాభై దాటిన తర్వాత జుజుత్సు నేర్చుకుంది.

మాది జమ్మలమడుగు. ప్రొద్దుటూరులో ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం వచ్చి, అత్తవాళ్ళ మేడ మీద గదిలో దిగాను. ఒకసారి పులివెందులలో పరీక్షల డ్యూటీ చేసి బస్సులో వస్తుంటే, తొండూరు దాటినప్పటి నుంచి వెనక సీటు మనిషి నా నడుం మీద చెయ్యి వేస్తూనే ఉన్నాడు. పాఠం చెప్పేటప్పుడు వీధి చివరికి వినపడే గొంతు నాది. ఆ రోజు పెగల్లేదు. ఇంటికొచ్చి చెబితే అత్త ఏ సీట్లో కూర్చున్నావని అడగలేదు, ఏ బట్టలని అడగలేదు. స్నానానికి వేడినీళ్ళు తోడి పెట్టింది.

"బెదురుకుంటే నోరు రాదు మే. ఒళ్ళు బిగుసుకపోతాది. తప్పు నీది గాదు," అంది. ఆ రాత్రి నేను నిద్రపోయానంటే ఆ మాట వల్లే.

ఆ నెలలోనే, మూతపడిన పత్తిమిల్లు గోదాములో ఒక మాస్టర్ పొద్దున్నే ఆడవాళ్ళకు జుజుత్సు నేర్పుతున్నాడని తెలిసింది. బలమున్నవాడు పట్టుకుంటే బలం లేనివాళ్ళు ఎట్లా విడిపించుకోవాలో చెప్పే జపాన్ విద్య అది. నేను పోతానంటే మామ, అంటే అత్త భర్త, గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"తెల్లారకముందే ఆడపిల్ల ఒక్కతే యాడికి పోతాది? నువ్వు గూడా పో," అని అత్తను నాకు కాపలా పంపించాడు. ఆయన ఖాతాలో నేను ఒప్పుకునే మంచిపని అదొక్కటే. అది కూడా తెలియక చేసింది.

మొదట్లో అత్త గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గోరుచిక్కుళ్ళు గిల్లుకునేది. మాకు ముందు నేర్పింది కొట్టడం కాదు, పడటం. దాన్ని ఉకెమి అంటారు. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా వంచి, చేత్తో చాపను చరుస్తూ పడాలి. మేం మూటల్లా దబదబా పడుతుంటే అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. "కూర్చుని నవ్వేది ఎందుకమ్మా, వచ్చి పడి చూపీ," అన్నాడు మాస్టర్ ఒకరోజు. మర్నాడు కూతురి పాత చుడీదార్ వేసుకుని వచ్చింది.

చాప మీద నగలు ఉండకూడదని నియమం. "తాళి తీసేది కుదర్దు నాయనా," అని అత్త దాన్ని చుడీదార్ లోపలికి తోసి పిన్నీసు పెట్టింది. గాజులు మోచేతి దాకా ఎక్కించి, జారకుండా గుడ్డపేలిక చుట్టింది. రోజూ చాప ఎక్కే ముందు అదే పని. పడటం మా అందరికంటే ముందు ఆవిడకే వచ్చింది. మాస్టర్ ఆశ్చర్యపోతే, "పడేది నాకు అలవాటే. దెబ్బ తగలకుండా పడచ్చని ఇంతవరకూ ఎవురూ చెప్పల్యా," అంది. పిల్లలంతా నవ్వారు. అత్త కూడా నవ్వింది.

తర్వాత మణికట్టు పట్టు వచ్చింది. ఎదుటివాడు మణికట్టు పట్టుకుంటే వాడి బొటనవేలి వైపు తిప్పి లాగాలి, ఆ సందే పట్టులో బలహీనమైన చోటు. మాస్టర్ నా చెయ్యి పట్టుకుని చూపిస్తుంటే అత్త మెల్లగా, "ఈ పట్టు నాకు తెలుసు," అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎండాకాలంలో కూడా ఆవిడ పొడుగు చేతుల జాకెట్లు ఎందుకు వేసుకుంటుందో నాకు అప్పుడు అర్థమైంది.

ఆ విద్యలో అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటి ఉంది. పట్టులో ఉన్న మనిషి చాపనైనా, ఎదుటి ఒంటినైనా రెండుసార్లు తట్టితే వెంటనే వదిలేయాలి. నొప్పి ఉందా లేదా అని అడగకూడదు. ఎంత పెద్ద మాస్టరైనా సరే, నిన్న చేరిన పిల్ల తట్టినా వదలాల్సిందే. ఆ రోజు అత్త చెయ్యి మెలిపెట్టింది నేనే. తట్టింది, వదిలాను. నా ముఖంలోకి వింతగా చూసింది.

"నిజంగానే వదిలినావే," అంది. "ఏదీ, మళ్ళా పట్టుకో."

పట్టుకున్నాను. తట్టింది. వదిలాను. మళ్ళీ పట్టుకోమంది. పాఠం అయిపోయి పిల్లలు చెప్పులు వేసుకుంటున్నా మా ఇద్దరి ఆట ఆగలేదు. స్కూటీ మీద ఇంటికి వస్తుంటే వెనక నుంచి, "చాలంటే ఆగేది ఒకటుందని నాకు తెలియనే తెలియదు మే," అంది. నేను బండి చూసుకుంటూ ఊఁ కొట్టాను. కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా పట్టు వదలకుండా "నొప్పిగా ఉందా?" అని అడిగితే అత్త కసిరేది: "ముందు వదులు. అడిగేది తర్వాత."

మామకు ఇదంతా వేళాకోళంగా ఉండేది. అంగడికి వచ్చినవాళ్ళతో, "బేరం జాగ్రత్తగా ఆడప్పా, మా ఇంట్లో ఆమె కుస్తీ నేర్చుకుంటాంది," అని నవ్వించేవాడు. శ్రావణ శనివారం గండికి పోవాల్సిన రోజు దాకా ఆ నవ్వు నడిచింది. ఆంజనేయస్వామి దర్శనానికి కారు సిద్ధంగా ఉంది, చుట్టాలంతా హాల్లో ఉన్నారు. మేం గోదాము నుంచి ఆలస్యంగా వచ్చాం. ఆయన నలుగురి ముందూ అత్త మణికట్టు పట్టుకుని లోపలికి లాగబోయాడు. అత్త చెయ్యి ఆయన బొటనవేలి వైపు తిరిగింది, బయటికొచ్చింది. తోయలేదు, మాట అనలేదు. "చీర కట్టుకోనొస్తా," అని లోపలికి పోయింది. ఆయన తన ఖాళీ చెయ్యి చూసుకుంటూ నిలబడ్డాడు.

మర్నాడు, "ఇంగ చాలు," అన్నాడు. అంతే, ఆగిపోయింది. ఆ ఇంట్లో చాలనే మాటకు విలువ లేదని కాదు. ఆయన నోట్లోంచి రావాలి, అంతే తేడా. నన్ను కూడా గది ఖాళీ చేయమన్నాడు. ఆ తర్వాత అత్త కూరగాయల బండి దగ్గర కనిపిస్తే, సంచి కింద పెట్టి, "మాస్టర్ కొత్తది ఏం చెప్పినాడు, చూపీ," అని చెయ్యి చాపేది. వంకాయలు ఏరుకునేవాళ్ళు మమ్మల్ని వింతగా చూసేవాళ్ళు.

ఈ ఏడాది ఊపిరితిత్తులు చెడ్డాయి. కడపలో పెద్దాసుపత్రి, గొంతులో గొట్టం, మాట లేదు. గొట్టం లాగేసుకుంటోందని రెండు చేతులూ మంచం కమ్మీకి గుడ్డతో కట్టేశారు. నన్ను లోపలికి పంపినప్పుడు అత్త నన్ను గుర్తుపట్టింది. కట్టిన చేత్తోనే కమ్మీని రెండుసార్లు తట్టింది. ఆగి, నా కళ్ళలోకి చూసి, మళ్ళీ రెండుసార్లు తట్టింది. నర్సు దాహమేమో అంది. కొడుకు, "అమ్మ చెయ్యి ఆడిస్తాంది," అని సంబరపడి ఊరంతా ఫోన్లు చేశాడు.

ఇంక బాగయ్యేది లేదని, గొట్టం తీసి ఇంటికి తీసుకుపోవాలనుకుంటే తీసుకుపోవచ్చని, నిర్ణయం ఇంటివాళ్ళదేనని డాక్టరు అప్పటికే చెప్పాడు. నేను వరండాలో మామ ముందు నిలబడ్డాను.

"మామా, అత్త చాలంటాంది."

"నోట్లో గొట్టం పెట్టుకుని ఏం జెప్తాది మే?"

"చేత్తో చెప్తాంది. అట్ల తట్టితే వదలాల."

"అవన్నీ నీ కుస్తీ మాటలు. పెండ్లాన్ని సగంలో వదిలేసినాడని బజార్లో అనిపిచ్చుకోమంటావా?" అన్నాడు. అంటూనే భుజం మీది టవలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమే, నేను కాదనను. ఆ పట్టు కూడా నిజమే.

ఆ తర్వాత కూడా చాలా రోజులు ఆ గొట్టం అట్లాగే ఉంది. పోయిన ప్రతిసారీ అత్త తట్టేది. రానురాను చెయ్యి లేవక, వేళ్ళు మాత్రం ఆడేవి. చివరిసారి నా అరచెయ్యి ఆవిడ చేతి కింద పెట్టాను. నా చేతి మీద తట్టింది. వదలడానికి నా చేతిలో ఏమీ లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు.

ఇప్పుడు గోదాములో కొత్తగా వచ్చే పిల్లలకు మొదటి పాఠం నేనే చెబుతాను. పడటం కంటే ముందు తట్టడం నేర్పుతాను. అది అత్త నాకు ఇచ్చిపోయింది.

ఆ రోజు స్టేటస్ చూసి నేను పరిగెత్తేసరికి శవాన్ని ఇంటికి తెచ్చారు, ముత్తైదువలు చుట్టూ చేరారు. భర్త ఉండగా పోయింది, ఎంత అదృష్టమో అన్నారు. మణికట్ల మీద కట్టిన గుడ్డల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. వాటిని చూసి ఒకామె, "ఇంకో డజను తొడగండి, కనపడవు," అంది. పచ్చగాజులు రెండు చేతులకూ నిండా తొడిగారు. నేను పక్కన కూర్చుని, అత్త చాప ఎక్కే ముందు చేసుకున్నట్టే, ఆ గాజులన్నీ మోచేతి వైపు ఎక్కించాను.

"ఏంది మే, అట్ల జేస్తాండావు?" అని ఒకామె వాటిని మళ్ళీ కిందికి దించింది.

శ్మశానానికి ఆడవాళ్ళు పోకూడదని నన్ను గడప దగ్గరే ఆపేశారు. పాడె కదిలింది. మోసేవాళ్ళు అడుగు వేసినప్పుడల్లా ఆ గాజులు చప్పుడు చేశాయి. వీధి మలుపు తిరిగేదాకా నాకు వినపడుతూనే ఉన్నాయి.