తలుపు మీద అరచెయ్యి

కంటైనర్ల యార్డులో అందరూ ఆయన్ని చెవిటి మావయ్య అంటారు. ముప్పై ఏళ్లు ఇనప పెట్టెల్లో కూర్చుని చెక్క దిమ్మలకు మేకులు కొడితే చెవులు మిగలవు. ఇందులో త్యాగమూ లేదు, మహత్తూ లేదు. కంటైనర్లో సరుకు కదలకుండా కట్టడం ఆయన పని. కింద దిమ్మలు, పైన బెల్టులు. ఏ కంటైనరైనా బయల్దేరేముందు తలుపుకు అరచెయ్యి ఆనించి నిమిషంపాటు నిలబడతాడు. కొత్తవాళ్లు మొక్కుకుంటున్నాడనుకుంటారు. కాదు, లోపల సరుకు కదులుతోందేమోనని వింటున్నాడు.

ఆ అలవాటు వెనక ఒక చావుంది. సరుకు ఎక్కించేముందు ఖాళీ కంటైనర్లో ఒకడు నిలబడితే, బయటివాడు తలుపులు మూస్తాడు. ఆ చీకట్లో సూదిమొనంత వెలుగు కనిపించినా అక్కడ చిల్లున్నట్టే. చూడటం అయ్యాక లోపలివాడు రెండు దెబ్బలు కొట్టి, కాస్త ఆగి, మరో రెండు కొడతాడు. తెరవమని. మావయ్య జతగాడు పదకొండేళ్లు అలా కొట్టాడు. పన్నెండో ఏడు, ఎక్కణ్ణుంచో వచ్చిన కంటైనర్ తలుపు తీస్తే, ఎవరో సరిగ్గా కట్టని, టన్నేసి బరువుండే కాగితం చుట్టలు మీదపడి పోయాడు.

మొన్న వేసవిలో రాళ్లు కోసే యంత్రమొకటి కంటైనర్లో కట్టి, సీలు వేసి, మూడు రోజులు ఎండలో ఉంచారు. నాలుగో రోజు మధ్యాహ్నం దాన్ని లారీ మీదికెక్కించారు. మావయ్య నిచ్చెనేసుకుని చెయ్యి ఆనించాడు. నిమిషం దాటినా తియ్యలేదు.

"తడుతున్నారు," అన్నాడు.

డ్రైవర్ నవ్వాడు. "హారన్ కొట్టినా పలకవు కదా మావయ్యా!"

"చేతికి తెలుస్తోందిరా. రెండు. మళ్లీ రెండు."

నవ్వు ఆగిపోయింది. అవి ఎవరి దెబ్బలో పాతవాళ్లకు తెలుసు. ఒకడు గబగబా మనుషుల్ని లెక్కపెట్టాడు. ఏడుగురూ బయటే ఉన్నారు. నమ్మకం కుదరక ఇంకోసారి లెక్కపెట్టాడు.

"ఆయనేనంటావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"చచ్చినవాడికి తలుపు తియ్యడం ఎందుకురా?" అని కసిరాడు మావయ్య. కానీ ఆయన చేతిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకునే ఉన్నాయి.

సూపర్‌వైజర్ వచ్చాడు. "సీలు తెంపితే ఓడ తప్పిపోతుంది. లోపలేమీ లేకపోతే మీరు రేపట్నుంచి రానక్కర్లేదు."

మావయ్య సీళ్ల గుమాస్తా వైపు చూశాడు. ఆమె ఆయన కూతురే.

"నాన్నా, కుక్కర్ విజిల్ కూడా వినపడదు నీకు."

"నువ్వే చెయ్యిపెట్టి చూడమ్మా."

నిచ్చెనెక్కి పెట్టింది. ఇనుము కాలిపోతోంది. అయినా కాసేపు అలాగే ఉంచి, చటుక్కున లాక్కుంది. వెళ్లి సీలు తెంపే కటింగ్ ప్లేయర్ తెచ్చిచ్చింది.

"అవతల దీన్ని తెరిచేవాడు ఎవడో నాలాంటివాడే," అంటూ మావయ్య తలుపులకు అడ్డంగా బెల్టు బిగించాడు. అందర్నీ పక్కకు పొమ్మని, కుడి రెక్క జానెడు తెరుచుకోనిచ్చాడు. బెల్టు కిర్రుమంది. మూడు టన్నుల యంత్రం ఒరిగి, తలుపుకు మొహం ఆనించి ఉంది.

దిమ్మలు పచ్చి చెక్కవి. ఎండకు ముడుచుకుపోయి మేకుల్ని వదిలేశాయి, బెల్టులు జారాయి. తొందరలో ఆ దిమ్మలు ఏరింది మావయ్యే. ఎవరూ అడక్కముందే "తప్పు నాదే," అన్నాడు. ఉద్యోగం మిగిలింది, దిమ్మలు ఏరే పని మాత్రం పోయింది.

ఇంతవరకూ దయ్యంతో పనిలేదు. కానీ ఒరిగిన యంత్రం తలుపుకు ఒక్కసారే తగులుతుంది. రెండు కొట్టి, ఆగి, మళ్లీ రెండు కొట్టదు. రిజిస్టర్లో సీలు తెంచిన కారణం దగ్గర కూతురు "పచ్చి దిమ్మలు" అని రాసింది. మిగతాది రాయడానికి గడి లేదు.

ఎండిన దిమ్మలతో మళ్లీ కట్టి, తలుపు మూశారు. మావయ్య చెయ్యి ఆనించాడు.

"ఇప్పుడు?" అంది కూతురు.

"ఏం లేదు."

నిచ్చెన దిగబోతూ ఆగి, బయటినుంచి రెండు దెబ్బలు కొట్టాడు. కాస్త ఆగి, మరో రెండు.

లోపల్నుంచి జవాబొస్తుందేమోనని, కూతురితో సహా అందరూ ఒక్కసారిగా వెనక్కి అడుగేశారు.