చందా కట్టినవారి పేరు

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోన్ పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. ఆటల చందా అట, నెలనెలా కడుతుంటే వందల ఆటలు ఆడుకోవచ్చట, కట్టడం మానేసిన రోజున ఒక్కటీ మిగలదట. భూపాలపల్లిలో ఉద్యోగం చేస్తూ వారానికోసారి జనగామ వచ్చే మా అబ్బాయి, తాను కాదనలేక, నాయనమ్మ సరేనంటే కడదామని నా మీదికి నెట్టేశాడు. అన్నిట్లో నువ్వు ఆడేవెన్ని అని అడిగితే రెండో మూడో అంది. మరి మిగతావాటికి కట్టడం దేనికే అనబోయి ఆగిపోయాను. పెద్దవంగరలో నా చిన్నప్పుడు మా బాపు నన్ను అడిగిన ప్రశ్న అదే, అదీ చందా గురించే.

అప్పుడు మా బడిలో పంతులమ్మగారు ఒక పిల్లల మాసపత్రిక చూపించి, ఏడాది చందా కడితే నెలనెలా బడికే పోస్టులో తెప్పిస్తానని చెప్పింది. నేను ఇంటికి పోయి బాపు వెంట పడ్డాను. చదవడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగాడు. ఒక్క రోజు చాలన్నాను. మిగతా ఇరవై తొమ్మిది రోజులు ఏం చేస్తావన్నాడు. అయినా ఇచ్చాడు, ఎందుకంటే నేను చందా అన్నాను. మా దిక్కు చందా అంటే వినాయకుడి పందిరికో భజన మందిరానికో ఇచ్చేది, గడప తొక్కి అడిగినవాళ్ళకు లేదనకూడనిది. ఇచ్చినవాళ్ళ పేరు తండ్రి పేరుతో సహా మైకులో చదువుతారు, పెద్ద మొత్తమైతే గోడ మీద రంగుతో రాయిస్తారు. బాపు పేరు ఏ గోడకూ ఎక్కలేదు. అంతమంది చదివే పుస్తకంలో ఎక్కుతుందని ఆయన అనుకున్నాడు.

మొదటి పుస్తకం వచ్చిన రోజు బాపు కాళ్ళు చేతులు కడుక్కొని, భుజం మీద తువ్వాల సర్దుకొని, అరుగు మీద కూర్చున్నాడు. పక్కింటి వాళ్ళను కూడా పిలిచాడు. "నా పేరు ఏడుందో జర సదువు బిడ్డా" అన్నాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. ఇది అలాంటి చందా కాదని, పుస్తకం ఖరీదేనని చెప్పి ఉండొచ్చు. నేను చెప్పలేదు. చివరి పేజీ తెరిచి, పందిట్లో మైకు పట్టుకున్నవాళ్ళలా గొంతు పెంచి, పెద్దవంగర కాపురస్తులు ఫలానా వారి కుమారుడు ఫలానా వారు ఏడాది చందా చెల్లించినారు అని చదివేశాను. బాపు మనసు నొప్పించలేక అలా చేశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి నాకు ఉన్నది పుస్తకం ఆగిపోతుందన్న భయం, అంతే.

నెలనెలా అడిగేవాడు, నెలనెలా చదివేదాన్ని. పల్లికాయ అమ్మడానికి మా అన్నను వెంటపెట్టుకొని జనగామ మార్కెట్‌కు పోతూ, ఒక పుస్తకాన్ని తువ్వాలలో చుట్టుకొని తీసుకుపోయాడని నాకు తెలియదు. తిరిగొచ్చిన సాయంత్రం ఎడ్లకు నీళ్ళు పెట్టి, అదే అరుగు మీద కూర్చొని, ఆ పుస్తకమే నా చేతికిచ్చి, ఇంకోసారి చదవమన్నాడు. నేను చదివాను. ఈసారి ఇంకా నమ్మకంగా ఉండాలని ఒక వరుస కింద వేలు పెట్టి మరీ చదివాను. ఆయన ఆ వేలి వంకే చూస్తూ అంతా విన్నాడు. "మంచిగ సదివినవ్ బిడ్డా" అని లేచి లోపలికి పోయాడు.

మరునాడు అన్న చెప్పాడు. మార్కెట్లో తూకం దగ్గర పదిమందిలో బాపు ఆ పుస్తకం తీసి, తన పేరు చదువుమని గుమాస్తాకు ఇచ్చాడట. ఆ గుమాస్తా అట్ట నుంచి అట్ట దాకా తిప్పి, నీ పేరు ఏడా లేదని, ఇది చిన్న పోరగాండ్ల కథల పుస్తకమని చెప్పాడట. అందరూ నవ్వారట. అన్నీ తెలిసే బాపు నన్ను మళ్ళీ చదవమన్నాడు. నిజం చెప్పడానికి నాకో అవకాశం ఇచ్చాడు, నేను వేలు పెట్టి మరీ అబద్ధమాడాను. తల కొట్టేసినట్టయింది.

మరుసటి ఏడు నేను అడగకముందే చందా పంతులమ్మగారికి ఇచ్చి వచ్చాడు. పేరు మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఒప్పుకోలేదు. చదువు సాగింది, మహబూబాబాదులో ఆఫీసు ఉద్యోగం వచ్చింది, బాపు పోయాడు, అప్పటికీ ఒప్పుకోలేదు. ఆ చందా నాకు గిట్టుబాటయింది. ఆయనకు దక్కింది తూకం దగ్గరి నవ్వే.

మనవరాలికి ఒక్క నెలకు సరేనన్నాను. రెండు ఆటలే ఆడితే ఆడనీ. ఖాతాకు పేరు ఏం పెట్టాలి నాయనమ్మా అని అడిగితే మా బాపు పేరు చెప్పాను. డబ్బు కట్టీ కట్టగానే స్వాగతం అంటూ తెర మీద ఆ పేరు వచ్చింది. ఆ రోజుల్లో మైకులో ఒక్కసారి వినబడడానికి మనిషి ఏడాదంతా ఎదురుచూసేవాడు, ఇప్పుడు పేరు వచ్చీ రాకముందే వేలితో పక్కకు జరిపేస్తున్నారు. నేను జరపనివ్వలేదు. అద్దాలు పెట్టుకొని, ఆ పేరు కింద వేలు పెట్టి, పైకి చదివాను. ఈసారి పేరు అక్కడ నిజంగానే ఉంది. మనవరాలు విన్నది. వినవలసినవాడు వినలేదు.