సయాజీ ఎడమ పక్కన

ఉదయం ఆరూ ఇరవైకి ఆయన టీ కప్పు కోసం చెయ్యి చాచి, కప్పుకి జానెడు ఇవతల బల్లని పట్టుకున్నారు. వేళ్లు కాసేపు అక్కడే ఉంచి, తర్వాత మెల్లగా జరిపి కప్పు అందుకున్నారు. టీ కొట్టు గడియారం నాకు ఎదురుగా ఉంది కాబట్టి టైము గుర్తుంది. ఆ రోజు దాని గురించి నేనేమీ అనుకోలేదు.

ఆయన మా కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి హెడ్ కోచ్. అందరూ సయాజీ అనేవారు. బర్మీస్‌లో పెద్ద గురువుగారని అర్థం. నేను ఆయన అసిస్టెంటుని. పిల్లలు నన్ను సయామ అంటారు, టీచరమ్మ అన్నట్టు.

నిజానికి అసిస్టెంట్ కోచ్ అనే ఉద్యోగం మా కాలేజీలో కాగితం మీద లేదు. కాగితం మీద నేను లైబ్రరీ గుమాస్తాని. మూడింటిదాకా పుస్తకాలు, మూడు తర్వాత మైదానం. అదే కాలేజీలో చదువుకునేటప్పుడు గోల్‌కీపర్‌గా ఆడాను. మూడో ఏడు మోకాలు పోయింది. ఆపరేషన్ తర్వాత చేతికర్రతో ప్రాక్టీసు చూడ్డానికి వస్తే, "ఊరికే కూర్చోకు, బంతుల్లో గాలి చూడు" అన్నారు సయాజీ. అలా మొదలైంది. మొదటి రెండేళ్లూ బంతుల సంచి మొయ్యడం, సున్నంతో గీతలు గియ్యడం, జెర్సీలు ఉతకడం. తర్వాత చీలమండలకి పట్టీలు కట్టడం నేర్చుకున్నాను. ఆ తర్వాత గోల్‌కీపర్లని నాకు వదిలేశారు. కోచింగ్ కోర్సు మొదటి పరీక్ష రెండోసారికి పాసయ్యాను. ఆరో ఏడు బెంచీ మీద తన పక్కన కూర్చోమన్నారు. కూర్చుని ఏం చెయ్యాలో చెప్పలేదు. ఒకరిని తీసి ఇంకొకరిని దించేటప్పుడు నంబరు బోర్డు ఎత్తడమే నా పని అనుకున్నాను. పదకొండో ఏడు దాకా అదే చేశాను.

ఆ పదకొండో ఏడు మొదట్లోనే ఆఫీసు నుంచి మాట వచ్చింది. నాలుగేళ్లుగా కాలేజీల కప్పు మనకి రాలేదు, ఈసారీ రాకపోతే బయటి నుంచి కొత్త కోచ్‌ని తెస్తాం అని. కొత్త కోచ్ తన అసిస్టెంటుని తనే తెచ్చుకుంటాడు. అప్పుడు సయాజీ ఇంటికి, నేను పూర్తిగా పుస్తకాల గదికి. నాకు పుస్తకాలంటే ఇష్టమే. కానీ మైదానం పోతే బతకడం ఎలాగో నాకు తెలియదు. ఈ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేదు.

రెండో మ్యాచ్‌లో తప్పు జరిగింది. ఒకటీ ఒకటి మీద ఉన్నాం. మా ఆరో నంబరు అమ్మాయి కాలు ఈడుస్తోంది. సయాజీ ముందుకి వంగి, కళ్లు చికిలించి చూసి, "తొమ్మిది కుంటుతోంది. తీసెయ్" అన్నారు. తొమ్మిది మా ముందు వరసలో గోల్ కొట్టే అమ్మాయి. ఆమెకి ఏమీ కాలేదు. కుంటుతున్నది ఆరని నాకు కనిపిస్తూనే ఉంది. అయినా బోర్డు మీద తొమ్మిది పెట్టి ఎత్తాను. ఆ పిల్ల నమ్మలేక నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఆరు కుంటుతూనే వెనక ఆడింది. చివర్లో ఆమె వైపు నుంచే గోల్ పడింది. ఓడిపోయాం.

మా తాత తెలుగు దేశం నుంచి ఓడలో వచ్చి, ఈ ఊరి అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. మేస్త్రీకి ఎదురు చెప్పినవాడికి మర్నాడు పని ఉండేది కాదట. రెండు తరాలు గడిచాక ఆ భయం మా ఇంట్లో మర్యాద పేరుతో మిగిలింది. దానికి ఈ ఊరి ఆనాడె తోడైంది. ఎదుటివాళ్లని ఇబ్బంది పెట్టకూడదన్న జంకుని ఇక్కడ అలా అంటారు. మన మొహమాటం లాంటిదే, ఇంకాస్త బరువు ఎక్కువ.

మా అమ్మకి చిమిండైంగ్ బజారులో పప్పుల కొట్టుంది. ఆ సాయంత్రం నేను కొట్లో కూర్చుంటే నా మొహం చూసింది.

"ఏటే, అలగున్నావు? ఓడిపోనారా?"

జరిగింది చెప్పాను. టీ కప్పు సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చి చెప్పాను.

"మరి నువ్వు సెప్పలేదేటి?"

"సయాజీకి ఎలా సెప్తానమ్మా?"

"నోటితోనే సెప్తారు."

"ఆనాడె కదమ్మా."

"నీ ఆనాడె తగలెట్ట! ఆయనకి కళ్లు నేవు, నీకు నోరు నేదు. ఇద్దర్నీ కలిపితే గాని ఒక మనిసి అవ్వరు." కొలిచిన శనగపప్పు సంచిలో పోసి, కొనడానికి వచ్చినావిడకి ఇచ్చి, మళ్లీ నా వైపు తిరిగింది. "రేపెల్లి సెప్పీ. తిడతారు. తింటావు. అంతే కదా."

మర్నాడు టీ కొట్లో ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"నిన్న కుంటింది ఆరు, సయాజీ."

ఆయన కప్పు కింద పెట్టారు. "నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరి బోర్డు ఎందుకెత్తావు?"

"మీరు చెప్పారని."

"నా మర్యాద కాపాడావు," అన్నారు. "ఆట పోగొట్టావు."

తిట్లు అంతటితో అయిపోయాయి. తర్వాత ఆయన చెప్పింది నాకు తిట్లకన్నా కష్టంగా తోచింది. షుగరు వల్ల ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంట్లో మసక. ఇంట్లో కూతురికి తప్ప ఎవరికీ తెలియదు. ఆఫీసుకి తెలిస్తే ఆ వారంలోనే పంపించేస్తారు. ముప్ఫై ఏళ్లు చేసిన పనిని మధ్యలో వదిలి వెళ్లడం ఆయనకి ఇష్టం లేదు. "ఈ సీజను పూర్తి చెయ్యనీ. కప్పు వచ్చినా రాకపోయినా నేనే వెళ్లి చెప్తాను" అన్నారు.

అక్కడే ఒప్పందం కుదిరింది. ఇక మీదట నేను ఆయన ఎడమ పక్కన కూర్చుంటాను. ఆట మొదలైనప్పటి నుంచి చివరి ఈల దాకా ఏం జరుగుతోందో తక్కువ గొంతుతో చెప్తూ ఉంటాను. నిర్ణయాలు ఆయనవి.

మొదటి రోజు ప్రాక్టీసులో, "మూడు బాగా ఆడుతోంది" అన్నాను.

"బాగా అంటే ఏమిటి? ఎక్కడుందో చెప్పు."

"కుడి గీత దగ్గర."

"బంతి ఎవరి దగ్గర?"

"పదకొండు దగ్గర. అద్భుతంగా..."

"అద్భుతం నాకు కనపడదు. ఏ కాలితో తన్నింది?"

అన్నేళ్లు చదివిన పుస్తకాలు నేర్పనిది ఆ నెల రోజుల్లో నేర్చుకున్నాను. ఉన్నది చెప్పడానికి చాలా తక్కువ మాటలు కావాలి. కానీ అవి సరిగ్గా అవే కావాలి.

పిల్లలు వారంలోనే పసిగట్టారు. ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం రేడియో సయామ అని పేరు పెట్టారు. ఎనిమిదో నంబరు మరీ గడుసుది. "సయామా, మీ రేడియోలో నా నంబరు తక్కువ వినిపిస్తోంది" అనేది. "పరిగెత్తితే వినిపిస్తుంది" అనేదాన్ని. అవతలి బెంచీల వాళ్లు నేను ముసలాయన చెవిలో మంత్రాలు ఊదుతున్నానని నవ్వేవాళ్లు. మేం వరసగా ఐదు మ్యాచ్‌లు గెలిచేసరికి నవ్వడం మానేశారు.

ఫైనల్‌కి అమ్మ మధ్యాహ్నమే కొట్టు మూసి వచ్చింది. ఆమె ఫుట్‌బాల్ చూడ్డం అదే మొదలు. బెంచీకి సరిగ్గా వెనక కూర్చుంది. కాసేపటికే రిఫరీని తెలుగులో తిట్టడం మొదలుపెట్టింది. "ఓరి ఈలోడా! ఆ పిల్లని తోసేసినారు, కనపడ్లేదేట్రా నీకు?" చుట్టూ ఉన్న బర్మీస్ వాళ్లకి మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమై చప్పట్లు కొట్టారు.

డెబ్భయ్యో నిమిషం దాటింది. ఒకటీ ఒకటి. నేను చెప్తున్నాను. "బంతి వాళ్ల దగ్గర. మన ఎడమ పక్క. ఐదు అడ్డుకుంది. బయటికి పోయింది. ఎనిమిది నడుస్తోంది. మధ్య గీత దగ్గర. ఇంకా నడుస్తోంది."

"అలిసిపోయింది," అన్నారు సయాజీ. "ఎనిమిదిని తీసెయ్. పదిహేనుని దించు."

బోర్డు నా ఒళ్లోనే ఉంది. ఎనిమిది నడుస్తున్న మాట నిజమే. నేను చెప్పింది తప్పు కాదు. కానీ మొదటి నుంచీ ఆమెని వదలకుండా వెంటపడిన అవతలి నాలుగో నంబరు ఇప్పుడు రొప్పుతూ వెనక్కి పోయింది. ఎనిమిది చుట్టూ పది గజాల్లో ఎవరూ లేరు. తనని అందరూ మరిచిపోవాలని ఆ పిల్ల కావాలనే నడుస్తోందని నాకనిపించింది. అనిపించినవి చెప్పకూడదని మా ఒప్పందం. నా ఊహ తప్పితే కప్పు పోతుంది, ఆయన పోతారు, నేనూ పోతాను. ఆయన మాట విని ఓడిపోతే కనీసం తప్పు నాది కాదు.

"తియ్యకూడదు, సయాజీ," అన్నాను.

ఆయన మొహం నా వైపు తిప్పారు. పదకొండేళ్లలో ఆ మాట ఆయన నా నోట వినలేదు.

"ఎందుకు?"

నాలుగో నంబరు సంగతి చెప్పాను. ఖాళీ ఎంతుందో చెప్పాను. "ఆ పిల్ల అలిసిపోలేదు. కాచుకుని ఉంది."

"ఇది నువ్వు చూసినదా, అనుకున్నదా?"

"ఖాళీ నేను చూసినది. మిగతాది అనుకున్నది."

పదిహేనో నంబరు అమ్మాయి అప్పటికే లేచి జెర్సీ సర్దుకుంటోంది. సయాజీ ఆమె వైపు చెయ్యి ఊపి కూర్చోమన్నారు. "సరే," అన్నారు నాతో. "చెప్పు."

చెప్పాను. వాళ్ల కార్నర్. మన గోల్‌కీపర్ పట్టింది. చేత్తో దూరంగా విసిరింది. ఎనిమిదికి. ఎనిమిది పరిగెడుతోంది. ఎదురుగా ఒక్కరే. దాటింది. కుడికి ఇచ్చింది. తొమ్మిది. తొమ్మిది ఎడమ కాలితో...

మైదానం అంతా లేచింది. ఆయనకి నా గొంతు వినపడలేదు.

"మనదా?" అని అరిచారు.

"మనదే!"

మిగిలిన నిమిషాలు ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. గొంతు పోయింది, సగం ఆయన అరచేతిలో వేలితో గీసి చెప్పాను. చివరి ఈల మోగగానే పిల్లలు ముందు ఆయన దగ్గరికే పరిగెత్తుకొచ్చారు. ఒక్కొక్కరూ తమ నంబరు చెప్పి మరీ ఆయన చెయ్యి పట్టుకున్నారు. తొమ్మిది తన నంబరు రెండుసార్లు చెప్పింది. అమ్మ గీత దాటి లోపలికి వచ్చేసింది. ఆపబోయిన కాపలా అతనితో, "నా కూతురు గెలిసింది, తప్పుకో" అంది. నేను ఆడలేదని ఆమెకి తెలుసు.

సోమవారం సయాజీ నన్ను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లారు. దాచినదంతా చెప్పేశారు. "ఈ జట్టుని చూసింది నేను కాదు, ఈమె. చివర్లో నడిపిందీ ఈమే. కొత్త కోచ్ కోసం ఎక్కడికీ మనిషిని పంపనక్కర్లేదు. మీ ముందే నిలబడి ఉంది."

ప్రిన్సిపాల్ మా ఇద్దర్నీ చూశారు. కోప్పడతారనుకున్నాను. "నిలబెట్టారెందుకు," అన్నారు, "కూర్చోమనండి."

ఈసారి ఉద్యోగం కాగితం మీద ఇచ్చారు. ఆ ఏడు భిక్షువుల చాతుర్మాస్యం ముగిసిన దీపాల పండగకి జట్టంతా వచ్చి, ఇక్కడి ఆచారం ప్రకారం నా ముందు మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెట్టారు. ఆ దణ్ణం అంతకుముందు హెడ్ కోచ్‌కే దక్కేది. ఆశీర్వచనం ఏం చెప్పాలో నాకు తెలియలేదు. మోకాళ్లు జాగ్రత్త అన్నాను.

తర్వాత రెండేళ్లు సయాజీ ప్రతి మ్యాచ్‌కీ వచ్చి నా పక్కనే కూర్చున్నారు. కుడి కన్ను కూడా పోయింది. నేను ఒక పక్క జట్టుని నడుపుతూ, మరో పక్క ఆయనకి ఆట చెప్తూ ఉండేదాన్ని. ఆయన సలహాలివ్వలేదు. మధ్యలో నేను ఎవరినైనా పొగిడితే మాత్రం, "ఎక్కడుంది?" అనేవారు. ఆ రెండేళ్లూ కప్పు మాదే.

ఆయన మొన్న వానాకాలంలో పోయారు. ఏడో రోజు భిక్షువులకి అన్నం పెట్టినప్పుడు పాత పిల్లలూ కొత్త పిల్లలూ కలిసి గిన్నెలు కడిగారు. చలికాలంలో మళ్లీ ఫైనల్ ఆడాం. మూడు సున్నాతో గెలిచాం. ఇంత పెద్ద తేడాతో మా కాలేజీ ఎప్పుడూ గెలవలేదు. పిల్లలు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు.

ఆట జరుగుతుండగా మా బెంచీ మీద ఇప్పుడు ఎవరూ ఎవరికీ ఆట చెప్పరు.