ముల్లు మీద ఒట్టు

మేం నలభై అని పిలిచే మనిషి నడిపే పికప్ బండిని ఒకసారి నత్త దాటి ముందుకు వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, పక్కకు తప్పుకోమని హారన్ కూడా కొట్టింది. ఇది నేను కళ్ళారా చూశాను.

సరే, నన్ను అలా చూడకండి. నన్ను చదివించిన కాన్వెంటు సిస్టర్లు అబద్ధానికి ఒక స్కేలు దెబ్బ చొప్పున వేసేవారు. ఇప్పటికీ పెద్ద అబద్ధం ఆడితే నా అరచెయ్యి దురద పెడుతుంది. అది నత్త కాదు, రోడ్డు రోలరు. అదీ పల్లంలో దిగుతోంది. హారన్ మాట మాత్రం నిజం, కావాలంటే రోలరు డ్రైవర్ని అడగండి.

నలభై అసలు పేరు అతని భార్యకూ, లైసెన్సుకూ తప్ప ఎవరికీ గుర్తు లేదు. కొండమీద ఉన్న కోళ్ళ ఫారాల నుంచి గుడ్లు దించడం అతని పని. బండి నిండా ట్రేలు, ట్రేల మధ్య గడ్డి, స్టీరింగ్ వెనక ఊపిరి బిగబట్టిన మనిషి. గుడ్లు మోసేవాడు నెమ్మదిగా నడపడంలో వింతేముంది అంటారేమో. నలభై ఖాళీ బండిని కూడా అలాగే నడిపేవాడు. దానికి కారణం గుడ్లు కాదు, భార్య మణికట్టు.

ఆరేళ్ళ కిందట, గుడ్ల పనిలోకి రాకముందు, అతను ఏ సరుకు దొరికితే అది మోసేవాడు. బండి డెబ్భైకి తగ్గేది కాదు. ఒక వాన మధ్యాహ్నం మలుపు దగ్గర బండి పక్కకు ఒరిగి పడుకుంది. నలభైకి గీత కూడా పడలేదు. పక్క సీట్లో ఉన్న భార్యకు కుడి మణికట్టు విరిగింది. ఆమె దర్జీ. చెయ్యి అతికింది కానీ కొంచెం వంకరగా అతికింది. గంటసేపు కత్తెర పడితే ఇప్పటికీ సలుపుతుంది.

ఆ తర్వాత ఆమె బండి ఎక్కనంది. మూడు నెలలు బతిమాలాడు. చివరికి ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది.

"ముల్లు నలభై దాటకూడదు. దాటిన రోజు దిగిపోతాను. మళ్ళీ ఎక్కమని అడగకండి."

అతను స్పీడు మీటరు అద్దం మీద అరచెయ్యి పెట్టాడు. "ముల్లు నలభై దాటదు. ఒట్టు."

ఆ రోజు నుంచి సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ "ఇవాళా దాటలేదు" అనేవాడు. ఆమె కుట్టుమిషన్ ఆపకుండానే "సరే" అనేది. ఆ ఇంట్లో పలకరింపు అంతే. కొందరికి ఉత్తరాలు చాలవు, వీళ్ళకు ఆ ఒక్క మాట చాలేది.

ఎనిమిది నెలల కిందట పై ఫారానికి వెళ్ళే దారిని వాగు కోసేసింది. రాళ్ళు బండి పొట్టను గీరుతున్నాయి, ట్రేకి నాలుగు గుడ్లు పగులుతున్నాయి. మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్తే మా మెకానిక్, స్పానర్ అంటాం అతన్ని, బండిని మోసే కమాను పట్టీలు ఎత్తి, పాతవాటికన్నా అయిదంగుళాలు పెద్ద టైర్లు బిగించాడు. బండి కాళ్ళ మీద లేచిన దూడలా నిలబడింది. వాగు దాటడం మంచినీళ్ళ ప్రాయమైంది.

సరిగ్గా ఆ వారం నుంచి ఆమె బండి ఎక్కడం మానేసింది. అడిగితే పని ఉందంటుంది. "ఇవాళా దాటలేదు" అంటే "సరే" రాదు. మిషన్ మాత్రం ఇంకాస్త గట్టిగా మోగుతుంది.

ఎత్తు చూసి భయపడుతోందని నలభై అనుకున్నాడు. తలుపు కింద ఇనుప మెట్టు పెట్టించాడు. ఎక్కలేదు. పట్టుకోవడానికి పిడి పెట్టించాడు. ఎక్కలేదు. కొత్త సీటుబెల్టు వేయించాడు. బండి తిరగబడినా కప్పు నెత్తిమీద పడకుండా క్యాబిన్ వెనక లావుపాటి ఇనుప కమ్మీ బిగించాడు. అయినా ఎక్కలేదు.

అలా ఒక శనివారం మధ్యాహ్నం షెడ్డులో మళ్ళీ స్పానర్ ముందు నిలబడ్డాడు. నేను నా ముసలి బండికి ఆయిల్ మార్పించుకుంటున్నాను. కలప తోలే కొమ్ములు, అదీ మేం పెట్టిన పేరే, అక్కడే బోల్తా వేసిన డబ్బా మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అతని బండికి ముందు రెండు కొమ్ములున్న ఇనుప గార్డు, నెత్తిన ఆరు దీపాలు, నీళ్ళలో మునిగినా ఇంజనుకు గాలి ఆడాలని పొగగొట్టంలా పైకి లేచిన గొట్టం. ఆ బండి దిగిన అతి లోతైన నీరు షెడ్డు ముందున్న బురదగుంట. టైర్లు మాత్రం కొన్ననాటివే.

"ఏంట్రా నలభై, ఇవాళేం బిగిస్తున్నావు?" అన్నాడు కొమ్ములు.

"రెండో మెట్టు. ఇప్పుడే అయింది."

"మొదటిది ఏమైంది?"

"అది కాస్త ఎత్తుగా ఉందేమోనని."

"ఇంకో నాలుగు వేయించు. మేడ అయిపోతుంది, పైన అద్దెకిచ్చుకోవచ్చు."

"నీ దీపాలకన్నా నయమే. నెత్తిన ఆరు పెట్టుకుని, పొద్దు గుంకకముందే ఇంట్లో దూరతావు."

స్పానర్ కిసుక్కున నవ్వాడు. కొమ్ములుకు చురుక్కుమంది.

"నా దీపాల సంగతి సరే, నీ ఒట్టు సంగతేంటి? నిన్న పొద్దున కాలవ వంతెన నుంచి నీ వెనకే వచ్చాను. దూరం తగ్గలేదు, పెరగలేదు. నా ముల్లు నలభై ఎనిమిది మీద ఉంది."

"నీ మీటరు చెడిపోయింది."

"నీదే చెడిపోయింది!"

"నా ముల్లు నలభై మీద మేకు కొట్టినట్టుంది రా. నీలాగా కాదు."

ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఇక నేను కలగజేసుకోక తప్పలేదు. స్టేషన్ నుంచి బయల్దేరిన రైలు ఎన్ని గంటలకు చేరును అనే లెక్కలు సిస్టర్లు మాచేత వందలు చేయించారు. ఆ రైళ్ళలో ఒక్కటీ నేను ఎక్కలేదు గానీ లెక్క మాత్రం మర్చిపోలేదు.

"అరవకండి. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళున్నాయి, నా చేతికి వాచీ ఉంది. నలభై వేగంతో ఆరు కిలోమీటర్లు వెళ్ళడానికి తొమ్మిది నిమిషాలు పట్టాలి. పదండి."

నలుగురం నలభై బండి ఎక్కాం. నేను ముందు, వాళ్ళిద్దరూ వెనక ఖాళీ ట్రేల మధ్య. ముల్లు నలభై మీద నుంచి వెంట్రుకవాసి కదల్లేదు, నేను సాక్షి. ఆరో రాయి దాటాక వాచీ చూశాను. ఏడున్నర నిమిషాలు. బండి తిప్పించి మళ్ళీ లెక్కపెట్టాను. ఏడున్నరే.

"అంటే నలభై ఎనిమిది," అన్నాను.

స్పానర్ నెత్తి కొట్టుకున్నాడు. "టైర్లు! టైరు పెద్దదైతే మీటరు తక్కువ చూపిస్తుంది. అందరికీ తెలిసిందే కదా."

"నాకెవరు చెప్పారు?" అన్నాడు నలభై.

"అందరికీ తెలిసింది ఎవరు చెబుతారన్నా? మీటరు చక్రం వేసే అడుగులు లెక్కపెడుతుంది, అంతే. బండికి కాళ్ళు పొడుగయ్యాయని దానికి తెలియదు. పాత అడుగే అనుకుంటోంది. నీ ముల్లు ముప్ఫై మూడు మీద ఉంటే, అప్పుడు బండి నిజంగా నలభైలో ఉన్నట్టు."

నలభై స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసేశాడు. "ఎనిమిది నెలలు. రోజూ ఇంటికెళ్ళి తనకి అబద్ధం చెప్పానన్నమాట."

కొమ్ములు మంచివాడే, నోరే తేడా. "అదేం మాటరా! నువ్వు ఒట్టు వేసింది ముల్లు మీద, బండి మీద కాదుగా. ముల్లు దాటలేదు."

నలభై తల అడ్డంగా ఊపాడు.

"పోనీ ఊరుకో," అన్నాడు స్పానర్. "మీటరు వెనక చిన్న పళ్ళచక్రం మారిస్తే సరిపోతుంది. అరగంట పని. ఇంట్లో తెలియనక్కర్లేదు."

ఆ మాట విని నలభై మీటరు అద్దం మీద అరచెయ్యి పెట్టాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "బాబాయ్, నువ్వు ఇంటికి రా. నేను చెబితే నమ్మదు."

"బాబాయ్ చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు?" అన్నాడు కొమ్ములు.

వాళ్ళిద్దర్నీ షెడ్డు దగ్గర దించి, ముప్ఫై మూడులో ఇంటికి వెళ్ళాం. ముందుగదిలో మిషన్, దాని పక్కన కత్తిరించిన చొక్కా చేతులు, అలమరలో రేడియో. నలభై గుమ్మంలోనే నిలబడి ఒక్క గుక్కలో అంతా చెప్పేశాడు. టైర్లు, రాళ్ళు, పొడుగు కాళ్ళు. మధ్యలో నేను "తొమ్మిది బదులు ఏడున్నర అమ్మా" అని అందించాను.

ఆమె మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"నా లెక్క ఆరు నిమిషాలు మామయ్యగారూ."

"అదెలా అమ్మా?"

"ఈయన కొండ దిగి రోడ్డెక్కేది అయిదున్నరకి. ఆరింటి వార్తల్లో అయిదో నిమిషానికి వాతావరణం చెప్పేటప్పటికి ఇల్లు చేరేవారు. టైర్లు మార్చిన రోజు నుంచి వార్తలు మొదలవకముందే గేటు చప్పుడవుతోంది. ముందే వచ్చి, నా మొహంలోకి చూస్తూ 'దాటలేదు' అంటున్నారు. ఇంత చక్కగా అబద్ధమాడటం ఎప్పుడు నేర్చుకున్నారా అనుకున్నాను."

నలభై గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. "అడగొచ్చుగా?" అన్నాడు.

"అడిగితే ఇంకో అబద్ధం చెబుతారేమోనని."

వినాల్సింది ఇంకా ఉన్నా నేను గుమ్మం వైపు ఒక అడుగు వెనక్కి వేశాను. ఇది మీరు నమ్మకపోయినా నిజం.

"నువ్వు ఎత్తుకి భయపడుతున్నావనుకున్నాను," అన్నాడు నలభై. "మెట్లు వేయించాను."

"ఎత్తా! నేను రోజూ స్కూలు గోడ దూకి ఇంటికొచ్చినదాన్నండీ." ఆమె పెదవుల మీద నవ్వు ఆపుకుంటోంది, అది ఆగడం లేదు. "మోసగాడనుకుని ఎనిమిది నెలలు ఏడ్చాను. తీరా చూస్తే వెర్రిబాగులవాడు!"

లేచి, బల్ల మీద నుంచి, బట్టలకు గీతలు గీసే సుద్దముక్క తీసుకుని బయటికి నడిచింది. బండి దగ్గర ఆ రెండు మెట్లనూ కిందికీ పైకీ చూసింది. ఒక్కదాని మీదా కాలు పెట్టలేదు. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, టైరు మీద కాలు మోపి, ఒక్క ఊపులో సీట్లోకి చేరింది.

"ఎక్కడ గీయాలి?"

"ముప్ఫై మూడు దగ్గర," అన్నాడు నలభై, కిటికీ పట్టుకుని.

మీటరు అద్దం మీద చొక్కా భుజం గీసినంత శ్రద్ధగా తెల్ల గీత గీసింది. ఆ వంకర మణికట్టుతోనే. గీసి, దాన్ని ఒకసారి తేరిపార చూసి, "సరే" అంది.

వీధి చివరిదాకా వెళ్ళి వచ్చారు. వాళ్ళను ఒక సైకిలు దాటింది. హారన్ కొట్టలేదు, బెల్లు కొట్టింది.

పళ్ళచక్రం మారుస్తానని స్పానర్ ఇప్పటికి నాలుగుసార్లు అడిగాడు. నలభై వద్దంటాడు. ఆ సుద్దగీత సాయంత్రానికల్లా దానంతటదే చెరిగిపోతుందట, అందుకని రోజూ పొద్దున్నే ఆమె బండి ఎక్కి కొత్త గీత గీయాల్సి వస్తోందట. అతని బొటనవేలికి ఆ తెలుపేమిటని నేను అడగలేదు. కొమ్ములు అతనికి ముప్ఫైమూడు అని కొత్త పేరు పెట్టాలని చూశాడు గానీ, నోరు తిరక్క తనే మానేశాడు.

ఇదంతా రాసి, ధర్మంగా ముందు నలభైకే చదివి వినిపించాను. ట్రేలు సర్దుతూ చివరిదాకా విన్నాడు.

"అంతా పచ్చి అబద్ధం బాబాయ్," అన్నాడు. "నత్తా లేదు, రోలరూ లేదు. నేను ఒట్టు వేసిందీ లేదు, మెట్టు వేసిందీ లేదు. అసలు మా ఆవిడకి కుట్టుపనే రాదు."